వేలిముద్ర నుంచి ఓటు సిరా దాకా



మన సంఘం తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు దండారి గురించో, గుస్సాడి గురించో రాద్దామనుకున్నాను. వాటి గురించి రాసేవాళ్లు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. నాకు తెలిసింది పిల్లలు, వాళ్లు అడిగే ప్రశ్నలు. అందుకే ఒక ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మొన్నొక ఎన్నికప్పుడు పోలింగ్ అయిన మర్నాడు పొద్దున పిల్లలకు టిఫిన్ పెట్టిస్తున్నాను. నా ఎడమచేతి చూపుడు వేలు మీద సిరా గుర్తు చూసి తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. "మేడం, ఓటేస్తే మనకేమొస్తది?" పక్కనున్న పిల్ల టక్కున జవాబు చెప్పింది. "ఐదు వందలొస్తయి. మా ఇంట్ల నలుగురికి రెండు వేలు వచ్చినయి." అందరూ నవ్వారు. నేను కసిరాను. పైసలు తీసుకోవడం తప్పని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పిల్లలు తలలు దించుకుని పళ్లేలు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల అడిగింది మంచి ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు, కోప్పడ్డాను. ఓటేస్తే ఏమొస్తుందో తెలియాలంటే, ఓటు లేనప్పుడు ఏం పోయిందో తెలియాలి. ఓటు వచ్చాక కూడా ఎందుకు పోయిందో తెలియాలి. ఆ రోజు చెప్పలేని జవాబును ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఓటు లేని రోజులు

నిజాం కాలంలో చాలా ఏళ్లు మన ఆసిఫాబాదే జిల్లా కేంద్రం. కలెక్టరు, కచేరీ, పోలీసు, జంగ్లాత్ ఆఫీసర్లు అందరూ ఇక్కడే ఉండేవాళ్లు. కానీ మన గూడేల సంగతి నిర్ణయించేటప్పుడు మనల్ని అడిగినవాళ్లు లేరు. అడవికి హద్దులు గీసి రక్షిత అడవి అన్నారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చెలకలు ఒక్క గీతతో అడవి లోపలికి పోయాయి. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే పన్ను కట్టమన్నారు. కట్టలేకపోతే గూడెం ఖాళీ చేయించారు, గుడిసెలు తగలబెట్టారు.

ఇంకో పక్క మైదానం నుంచి భూమి కోసం వచ్చేవాళ్లు పెరిగారు. వాళ్ల చేతిలో కాగితం ఉండేది, మన చేతిలో నాగలి ఉండేది. కచేరీలో కాగితమే గెలిచేది. దున్నేవాడికి పట్టా లేదు, పట్టా ఉన్నవాడికి ఆ చెలక ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. మన ప్రాంతంలో ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా మొదట ఇలా పుట్టింది. మనం సోమరులం కావడం వల్ల పుట్టలేదు. రాసుకునే హక్కు ఒకరికి ఉండి, మాట చెప్పే హక్కు ఇంకొకరికి లేకపోవడం వల్ల పుట్టింది.

కుమ్రం భీం కథ మీ అందరికీ తెలుసు. సంకెపల్లిలో పుట్టాడు. సుర్దాపూర్‌లో వాళ్ల కుటుంబం సాగు చేసిన పంట మీదికి పట్టా నాదంటూ సిద్దిఖ్ వచ్చాడు. ఆ గొడవలో సిద్దిఖ్ చనిపోయాడు. భీం చాందా మీదుగా అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి అక్కడ కూలి చేశాడు, చదవడం రాయడం నేర్చుకున్నాడు. ఇదంతా మనం పాటల్లో వింటాం. ఆ పాటల్లో తక్కువ వినిపించే సంగతి ఒకటి చెబుతాను. తిరిగి వచ్చాక భీం మొదట తుపాకీ పట్టలేదు, కాగితం పట్టాడు. కాకన్‌ఘాట్‌లో లచ్చుపటేల్ దగ్గర ఉన్నప్పుడు ఆయన భూమి కేసును ఆసిఫాబాద్ కచేరీలో నడిపించి గెలిపించాడని మన పెద్దలు చెబుతారు. తరువాత జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ లాంటి పన్నెండు గూడేల గోడు చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా వెళ్లాడనీ, నిజాం దర్శనం దొరకలేదనీ కూడా చెబుతారు.

ఆలోచించండి. ఒక మనిషి చదువుకున్నాడు, కేసు గెలిచాడు, అర్జీ రాశాడు, రాజధాని దాకా వెళ్లాడు. చట్టం ప్రకారం ఏమేం చేయవచ్చో అన్నీ చేశాడు. అయినా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు వెనకాల ఉన్నవాళ్లు తమ పదవి కోసం భీం మీద ఆధారపడి లేరు కదా! పన్నెండు గూడేలూ ఏకమై కోపగించుకున్నా వాళ్ల కుర్చీ కదలదు. ఓటు లేకపోవడమంటే ఇదే. అర్జీ తీసుకునేవాడికి మన అవసరం లేకపోవడం.

జల్, జంగల్, జమీన్ మీద హక్కు కోసం పన్నెండు గూడేలు లేచి నిలబడ్డాయి. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాటి వెన్నెల్లో జోడేఘాట్ కొండల మీద భీం, ఆయన వెంట ఉన్నవాళ్లు పోలీసు తుపాకులకు బలయ్యారు. అందుకే మనం ఏటా ఆ పౌర్ణమికే జోడేఘాట్‌లో కలుస్తాం.

దయగా వచ్చిన పట్టాలు

ఇంత రక్తం పారాక సర్కారు కళ్లు తెరిచింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని మన మధ్య ఉన్నారు. మన భాష నేర్చుకున్నారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు వచ్చాయి. నేను టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, మార్లవాయి వెళ్లాకే తెలిసింది. మన జిల్లాలో మొదటి గోండు పంతుళ్లు తయారైన ఊరు జైనూర్ పక్కనే ఉందని తెలిసి ఆ రోజు చాలాసేపు ఆ ఊళ్లోనే కూర్చున్నాను.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది కూడా ఆ 1940లలోనే. అధికారులే జాతరకు వచ్చి గోడు వినాలని పెట్టిన ఏర్పాటు అది. 1946లో గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. 1949 నాటికి దాదాపు 1,60,000 ఎకరాలకు 11 వేల మందికి పైగా గిరిజనులకు పట్టాలు అందాయి. ఒక్కొక్కరికి సగటున పద్నాలుగు ఎకరాలు. మన జిల్లా చరిత్రలో అంత భూమి మన పేరున ఎక్కడం అదే మొదటిసారి.

అందులో ఒక పట్టా మా తాతది, పదిహేను ఎకరాలు. ఆ కాగితాన్ని వెదురు గొట్టంలో పెట్టి చూరులో దాచేవాడట.

ఆ పట్టాలు మనకు భీం రక్తం వల్ల, ఒక మంచి మనిషి శ్రమ వల్ల వచ్చాయి. అందులో సందేహం లేదు. కానీ అవి వచ్చిన తీరు దయ. పైనుంచి ఒకరు ఇచ్చారు, మనం చేతులు చాచి తీసుకున్నాం. కాపాడుకునే బలం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మన మీద దయ ఉన్న అధికారి బదిలీ అయి వెళ్లిపోయిన రోజున ఆ దయ కూడా ఆయన వెంటే వెళ్లిపోయింది.

మనకూ ఒక ఓటు

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. రాజ్యాంగ సభలో మనవాళ్ల తరఫున గట్టిగా మాట్లాడిన మనిషి ఛోటా నాగపూర్ ముండా బిడ్డ, జైపాల్ సింగ్. ప్రజాస్వామ్యం ఆదివాసులకు కొత్తగా నేర్పాల్సింది కాదని ఆయన వాదించాడు. నిజమే కదా! మన గూడెంలో పటేల్, దేవారి, పెద్దమనుషులు అందరూ కూర్చుని, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకునే పద్ధతి ఏ రాజ్యాంగం కంటేనైనా పాతది.

అదే సభలో 1949 నవంబర్ 25న డాక్టర్ అంబేడ్కర్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు, ఆ ఓటుకు ఒకే విలువ ఉంటుంది, కానీ సంపదలో, సమాజంలో మాత్రం అసమానత అట్లాగే ఉంటుంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలుతుందని దాని సారాంశం. మన జిల్లా డెబ్బై ఏళ్ల చరిత్రను ఒక్క మాటలో చెప్పమంటే నేను ఈ మాటే చెబుతాను.

1952లో హైదరాబాద్ రాష్ట్రంలో మొదటిసారి అందరూ ఓటేశారు. చదువు లేనివాళ్లే ఎక్కువ కాబట్టి అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు ఉండేవి. చీటీ తీసుకుని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేయడమే. ఆడపిల్లలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ మొదటి ఎన్నికల్లో దేశం మొత్తం మీద, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి తీసేశారు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు గానీ సొంత పేరు చెప్పలేదు వాళ్లు. పేరు లేని మనిషికి ఓటు లేదు. మన హాస్టల్లో చేరే రోజున మీ అమ్మ పేరు అడిగితే తడుముకునే పిల్లలు నాకు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ పేరును గట్టిగా పలికించి, రాయించి గానీ లోపలికి పంపను. కారణం ఇదే.

ఓటు ఉన్నా భూమి ఎందుకు పోయింది?

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు అడుగుతారు. 1952లోనే ఓటు వచ్చింది కదా, మరి భూములు ఎందుకు పోయాయని. మా తాత కథ చెబితే అర్థమవుతుంది.

1950ల చివర్లో ఒక కరువు ఏడాది. విత్తనం జొన్నలకు, మా పెద్దత్త పెళ్లికి తాత సావుకారి దగ్గర అప్పు చేశాడు. సావుకారి ఒక కాగితం మీద తాత బొటనవేలు నిశానీ వేయించుకున్నాడు. తాత అది అప్పు కాగితమనుకున్నాడు. మూడేళ్లకు తెలిసింది, అది భూమి కాగితమని. తరువాత ఆ భూమి చేతులు మారింది. మా నాన్న అదే భూమిలో జీతం ఉన్నాడు. తన తండ్రి పట్టా ఉన్న నేలలో ఇంకొకరి ఎడ్లు తోలాడు.

అప్పటికి చట్టం లేదా? ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో భూ బదలాయింపు నియంత్రణ చట్టం వచ్చింది. 1963 డిసెంబర్‌లో దాన్ని తెలంగాణకు కూడా వర్తింపజేశారు. 1970లో ఇంకా గట్టిగా సవరించారు. ఏజెన్సీలో భూమి ఎవరి చేతిలో ఉన్నా సరే, గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని 1/70 చెప్పింది. ఇంత గట్టి చట్టం దేశంలో చాలా చోట్ల లేదు. మా నాన్నకు ఈ చట్టం ఒకటుందని తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచాయి. తెలిశాక ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఫైలు కదల్లేదు. సాక్ష్యం తెమ్మన్నారు. వెదురు గొట్టంలోని కాగితాన్ని అప్పటికి చెదలు తిన్నాయి.

ఆ ఏళ్లలో మా గూడెంవాళ్లకు ఓటు లేదా? అదీ ఉంది. ప్రతి ఎన్నికకూ వేశారు. ఎవరికి వేయాలో సావుకారి చెప్పేవాడు. ఏ సావుకారి నిశానీ వేయించుకున్నాడో ఆయన చెప్పిన గుర్తుకే ఓటు పడేది. అప్పు ఆయన దగ్గర, తిండిగింజలు ఆయన దగ్గర, పొరుగూరి వార్త కూడా ఆయన నోటి నుంచే. మరి గెలిచినవాడు ఎవరి మాట వింటాడు? వంద ఓట్లు వేసిన గూడెం మాటా? ఆ వంద ఓట్లు వేయించిన ఒక్క మనిషి మాటా?

అసమానత రాజకీయాల్లోకి వచ్చే దారి ఇదే. డబ్బున్నవాడికీ మనకూ ఓటు ఒక్కటే. కానీ డబ్బున్నవాడు పదిమంది ఓట్లను తన మాటగా మార్చుకోగలడు. అప్పుడు చట్టం పుస్తకంలో ఉంటుంది, భూమి సావుకారి చేతిలో ఉంటుంది.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి సంత రోజు. భూమి కోసం, అడవి మీద హక్కు కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. అనుమతి రద్దు చేశారు. ఆ కబురు అందని గూడేల నుంచి జనం నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 13 మంది. ప్రజాసంఘాలు అంతకు ఎన్నో రెట్లు అన్నాయి. నేనప్పుడు చంటిపిల్లను. మా అమ్మ నన్ను నడుముకు కట్టుకుని సంతకు బయలుదేరి, జ్వరం వచ్చిందని సగం దారిలో వెనక్కి తిరిగిందట.

జోడేఘాట్‌లో కాల్పులు జరిగినప్పుడు మనకు ఓటు లేదు. ఇంద్రవెల్లిలో జరిగినప్పుడు ఉంది. ఈ రెంటి మధ్య నలభై ఏళ్లు, ఎన్నో ఎన్నికలు. అంటే ఓటు ఉండటం ఒకటి, ఆ ఓటు మన చేతిలో ఉండటం ఇంకొకటి.

ఇప్పటి లెక్కలు

ఈ రోజుల్లో అసమానత సావుకారి రూపంలోనే రాదు. ప్రపంచ అసమానతలను అధ్యయనం చేసే ఆర్థికవేత్తలు 2022-23 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం మన దేశ సంపదలో 40 శాతం ఒక్క శాతం మంది చేతిలో ఉంది. మనకు ఆ ఒక్క శాతం మంది కనిపించరు. మనకు కనిపించేది పత్తి. విత్తనం ధర ఒకరు నిర్ణయిస్తారు, మందు ధర ఇంకొకరు, పత్తి ధర మరొకరు. మధ్యలో వాన, మిత్తి. మన చేతిలో ఉండేది ఒక్క చెమటే.

ఈ ధరల్లో, లెక్కల్లో చాలావాటి మీద సర్కారు నిర్ణయం ఉంటుంది. మద్దతు ధర ఎంత, కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరవాలి, గూడేనికి రోడ్డు వేయాలా వద్దా, దవాఖానాలో డాక్టరు ఉండాలా వద్దా, ఇవన్నీ రాజకీయ నిర్ణయాలే. నా పని నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. హాస్టల్లో మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు మెస్ చార్జీ నెలకు 950 రూపాయలుండేది. 2024 చివర్లో 1,330 చేశారు. రోజుకు ముప్పై రెండు రూపాయల దగ్గర నుంచి నలభై నాలుగుకు పెరిగింది. ఆ పన్నెండు రూపాయల తేడా మీ పళ్లెంలో గుడ్డుగా, కూరగాయగా, పాలుగా కనిపిస్తుంది. పెద్దింటి పిల్లల పళ్లెం వాళ్ల నాన్న జేబును బట్టి ఉంటుంది. మన పిల్లల పళ్లెం బడ్జెట్‌ను బట్టి ఉంటుంది. అందుకే రాజకీయాలు మనకెందుకని డబ్బున్నవాడు అనవచ్చు. మనం అనలేం.

ఇంకో ఉదాహరణ. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. మా బ్యాచ్‌లో ఎందరి ఇళ్లలోనో పొయ్యి వెలిగించింది ఆ జీవోనే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. కోర్టు తీర్పును గౌరవించాల్సిందే. కానీ మన పిల్లలకు మన భాష తెలిసిన టీచరు దొరకడానికి ఇంకో దారి వెతకమని ఎవరిని అడగాలి? మనం ఎన్నుకున్న సభలనే. అడిగే నోరు మనకు ఉందా, లేక ఐదు వందలకు ముందే అమ్మేశామా?

ఆ ఐదు వందల లెక్క కూడా చూద్దాం. ఐదేళ్లంటే 1,825 రోజులు. 500 రూపాయలను ఆ రోజులతో భాగిస్తే రోజుకు 27 పైసలు. ఇప్పుడు 27 పైసలకు అగ్గిపుల్ల కూడా రాదు. మా తాత అప్పుకు నిశానీ వేసి భూమి పోగొట్టుకున్నాడు. ఆయనకు చదువు రాదు, మోసపోయాడు. మనకు చదువు వచ్చు. చదువుకున్న వేలితో అదే నిశానీ వేస్తే మనల్ని ఎవరు మోసం చేసినట్టు?

ఒక్క గూడెం, పన్నెండు ఊళ్లు

మనమొక్కరం వేయకపోతే ఏమవుతుందని మీరనవచ్చు. 2009 ఎన్నికల నుంచి ఆసిఫాబాద్ అసెంబ్లీ స్థానం ఎస్టీలకు రిజర్వు అయింది. 2018 ఎన్నికల్లో ఇక్కడ గెలుపు ఓటముల మధ్య తేడా 171 ఓట్లు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది నేను చెప్పే విషయం కాదు. 171 ఓట్లంటే ఒక మామూలు గూడెం. ఆ రోజు పత్తి ఏరడానికి వెళ్లి ఆగిపోయినవాళ్లు, వలస పోయి రానివాళ్లు, జాబితాలో పేరుందో లేదో చూసుకోనివాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. ఎమ్మెల్యే ఎవరన్నది వేసినవాళ్లతో పాటు రానివాళ్లు కూడా తేల్చారు.

అయితే మనవాడే గెలిచినంత మాత్రాన అన్నీ జరిగిపోవు. రిజర్వుడు సీటు కాబట్టి ఎవరు గెలిచినా మన బిడ్డే. గెలిచాక మన బిడ్డ కూడా మనల్ని మరిచిపోవచ్చు. మరిచిపోకుండా చూసేది ఎన్నికకూ ఎన్నికకూ మధ్య మనం చేసే పని. ఆ పనికి మన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం గ్రామసభ. 1996లో వచ్చిన పెసా చట్టం ఏజెన్సీలో గ్రామసభకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి దరఖాస్తు మొదలయ్యేది కూడా గ్రామసభలోనే.

గ్రామసభ బలం ఎంతో ఒడిశా నియమగిరి కొండల్లో చూశాం. డోంగ్రియా కోందులు దేవుడిగా కొలిచే కొండను బాక్సైట్ గని కోసం తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. పెద్ద కంపెనీ, వేల కోట్ల ప్రాజెక్టు, అయినా ఆ గని ఆగింది. భీం వెంట లేచినవీ పన్నెండు గూడేలే, నియమగిరిలో చెయ్యెత్తినవీ పన్నెండు ఊళ్లే. అప్పుడు ఆ పన్నెండు గూడేల మాట వినాలని చెప్పే చట్టం లేదు, ఇప్పుడు ఉంది. మధ్యలో వచ్చిన మార్పు రాజ్యాంగం.

మన దగ్గర కూడా చూశాం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో గూడేలు, తండాలు చాలావరకు సొంత పంచాయతీలయ్యాయి. ఏజెన్సీ పంచాయతీల్లో సర్పంచ్ పదవి మనవాళ్లకే. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది కూడా మన ఆసిఫాబాద్‌లోనే. రాష్ట్రం మొత్తం మీద 4 లక్షల ఎకరాలకు పైగా, లక్షన్నర మంది వరకు అందులో ఉన్నారు. అందనివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం అడుగుతూనే ఉండాలి. 2025 మేలో మన జిల్లా అడవిని పులుల కోసం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. గూడేలన్నీ ఒక్క గొంతుతో అడిగాయి, బంద్‌లు చేశాయి. జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. 1940లో హైదరాబాద్ తలుపు తెరుచుకోలేదు. 2025లో ఆ తలుపు వెనకాల ఉన్నవాళ్లకు మళ్లీ మన దగ్గరికి ఓటు అడగడానికి రావాల్సిన పని ఉంది. తేడా అంతే. కానీ ఆ తేడా చిన్నది కాదు.

మీరు చేయాల్సినవి

వార్డెన్‌ని కదా, చివరికి పనులు చెప్పకుండా ఉండలేను.

ఓటు వయసు మొదట 21 ఏళ్లు. 1989లో 18 అయింది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో ఏ ఒకటో తేదీకి 18 నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. 17 నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఫారం 6. మీ ఊరి బూత్ లెవల్ ఆఫీసరు దగ్గర దొరుకుతుంది, ఫోన్‌లో కూడా నింపవచ్చు. అనుమానం ఉంటే 1950 నంబర్‌కు ఫోన్ చేయండి.

మీ పేరు ఒక్కటే చూసుకుని ఆగవద్దు. మీ అమ్మ, నానమ్మ పేర్లు సరిగ్గా ఉన్నాయా, ఇంటి పేరు తప్పు పడిందా, చనిపోయినవాళ్ల పేర్లు అట్లాగే ఉన్నాయా చూడండి. ఇంట్లో చదువుకున్నవాళ్లు మీరే కదా!

గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. వెళ్లండి. తీర్మానం రాసేటప్పుడు పక్కన కూర్చుని ఏం రాస్తున్నారో చదవండి. చదివాక గూడేనికి గోండిలోనో, కొలామీలోనో చెప్పండి. చదవకుండా సంతకం పెట్టవద్దు, పెద్దవాళ్లతో నిశానీ వేయించవద్దు.

ఓటుకు పైసలు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. ఇంట్లో పెద్దవాళ్లు తీసుకుంటే వాళ్లతో కొట్లాట పెట్టుకోవద్దు. 27 పైసల లెక్క కూర్చోబెట్టి చెప్పండి. ఎవరికి వేయాలో మాత్రం చెప్పవద్దు. అది వాళ్ల ఇష్టం. నేను కూడా మీకు చెప్పను.

ఆసిఫాబాద్ నుంచి మా ఊరికి బస్సులో వెళ్తుంటే మా తాత పదిహేను ఎకరాలు కుడివైపు కనిపిస్తాయి. ఇప్పుడందులో పత్తి వేస్తారు. దీపావళి నాటికి తెల్లగా విచ్చుకుని ఉంటుంది. ఆ భూమి మాకు తిరిగి రాలేదు. వస్తుందని మా నాన్న చివరిదాకా ఎదురుచూశాడు. ఆయన పోయే ముందు ఏడాది ఎన్నికలకు కాళ్లు కదలకపోయినా నా భుజం పట్టుకుని పోలింగ్ కేంద్రానికి వచ్చాడు. లోపల ఆయన పేరు ఎదురుగా సంతకమా, నిశానీయా అని అడిగారు. మా నాన్న రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో వంకరటింకరగా తన పేరు రాశాడు. బయటికి వచ్చాక సిరా గుర్తున్న వేలు నాకు చూపించి, "మీ తాత వేలు వేరే కాగితం మీద పెట్టిండు బిడ్డా" అన్నాడు.

తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఓటేస్తే వెంటనే ఏమీ రాదు. కానీ మన వేలు ఏ కాగితం మీద పడాలో మనమే చెప్పుకునే హక్కు వస్తుంది. భీం హైదరాబాద్ దాకా నడిచి అడిగింది దాన్నే.

జై సేవా.
మీ వార్డెన్ మేడం, ఆసిఫాబాద్